పరమత ప్రేక్షకుడి చోటు: ‘కరుణామయుడు’ చిత్రం, నల్లగొండ–పాలమూరు దర్శన సంప్రదాయం

మతప్రబోధాన్ని ఉద్దేశించిన చలనచిత్రానికి రెండు రకాల ప్రేక్షకులు ఉంటారు. తెరమీది దైవాన్ని ముందే నమ్మినవారు ఒకరు, ఆ నమ్మకం లేనివారు మరొకరు. మొదటివారికి సినిమా ఒక ఉత్సవం. రెండవవారికి అది ఆహ్వానం. కొన్ని సందర్భాలలో వాదం, మరికొన్ని సందర్భాలలో ఒత్తిడి కూడా. తెలుగు పౌరాణిక, భక్తి చిత్రాల మీద వెలువడిన విమర్శలో అధికభాగం మొదటి ప్రేక్షకుడిని గురించే ఆలోచించింది. తెరముందు కొబ్బరికాయలు కొట్టిన భక్తుడు, రామారావు రూపంలో కృష్ణుడిని చూసుకున్న భక్తుడు మన సినీ విమర్శకు సుపరిచితుడు. ఉమా మహేశ్వరి భృగుబండ 2018లో ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రేక్షకుడిని ‘పౌర–భక్తుడు’గా నిర్వచించి, అతన్ని అమాయక విశ్వాసిగా కొట్టివేయరాదని, చూడడం కూడా అభ్యాసం వల్ల అలవడే విద్యేనని వాదించారు. ఆ వాదాన్ని అంగీకరిస్తూనే మరొక ప్రశ్న వేయవలసి ఉంది. తెరమీది దేవుడు తన దేవుడు కానప్పుడు ఆ పౌర–భక్తుడు ఏ చోట నిలబడి చూస్తాడు? సినిమా అతనికి ఏ చోటు చూపిస్తుంది? ఆ రెండు చోట్లూ ఒకటేనా?

ఈ ప్రశ్నకు తెలుగులో అన్నివిధాలా తగిన ఉదాహరణ 1978లో విడుదలైన ‘కరుణామయుడు’. ఎ. భీంసింగ్ దర్శకత్వంలో, విజయచందర్ క్రీస్తు పాత్రధారిగా వచ్చిన ఈ చిత్రం థియేటర్లలో ఆడి ఆగిపోలేదు. హిందీలో ‘దయాసాగర్’గాను, మరికొన్ని భారతీయ భాషలలోకి అనువాదమై ఆయా పేర్లతోను ఊరూరా తిరిగింది. అమెరికాకు చెందిన డేస్ప్రింగ్ ఇంటర్నేషనల్ అనే సువార్త సంస్థ ప్రొజెక్టర్లు, తెరలు, ప్రదర్శన బృందాలు సమకూర్చి దీనిని గ్రామాలలో విస్తృతంగా ప్రదర్శింపజేసింది. అంటే వినోద విపణిలో పుట్టిన సినిమా సువార్త సాధనంగా రెండవ జన్మ ఎత్తింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ద్వైట్ ఫ్రీసెన్ చేసిన పరిశోధన ఈ చిత్ర నిర్మాణం, పంపిణీ, ఆదరణలను వివరంగా పరిశీలించింది. ఈ వ్యాసం పరిధి అంతకంటె చిన్నది. చిత్ర రూపంలోనే ఉన్న ‘పరమత ప్రేక్షకుడి చోటు’ను గుర్తించడం, ఆ చోటును నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు దర్శన సంప్రదాయంతో పోల్చి చూడడం ఇందులోని ప్రయత్నం.

ఈ ప్రాంతాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అబ్రహాం ఫ్రీసెన్ అనే మెనోనైట్ బ్రదరెన్ మిషనరీ రష్యా నుండి వచ్చి 1890ల నాటికే నల్లగొండ కేంద్రంగా పనిచేశాడు. (పైన పేర్కొన్న పరిశోధకుడి ఇంటిపేరూ ఇదే కావడం గమనించదగినది.) ఆ తరువాత అమెరికా మెనోనైట్ బ్రదరెన్ మిషన్ నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల, మహబూబ్‌నగర్‌లలో కేంద్రాలు నెలకొల్పింది, జడ్చర్లలో ఆసుపత్రి నడిపింది. 1976లో నల్లగొండ ప్రత్యేక కథోలిక మేత్రాసనమైంది. ఇదే నేల మీద కొలనుపాక ఉంది, యాదగిరిగుట్ట ఉంది, జాన్‌పహాడ్ దర్గా ఉంది, కురుమూర్తి జాతర ఉంది. ఒకరి దేవుడిని ఇంకొకరు చూడడం ఈ నేలకు సినిమాతో మొదలైన అనుభవం కాదు.

ఫాల్కే చూసిన క్రీస్తు

భారతీయ చలనచిత్ర చరిత్ర పరమత ప్రేక్షకుడితోనే మొదలైందనడం అతిశయోక్తి కాదు. 1910–11 ప్రాంతంలో దాదాసాహెబ్ ఫాల్కే బొంబాయిలో క్రీస్తు జీవితం మీద తీసిన ఒక మూకీ చిత్రం చూశాడు. తెరమీద క్రీస్తు జీవితం సాగుతూ ఉండగా తన మనోనేత్రం ముందు కృష్ణుడు, రాముడు, గోకులం, అయోధ్య కదిలాయని ఆయనే తరువాత 1917లో మరాఠీలో రాసుకున్నాడు. దాని ఫలితం 1913 నాటి ‘రాజా హరిశ్చంద్ర’, తరువాత కృష్ణ చరిత్రలు. ఈ వృత్తాంతాన్ని సాధారణంగా జాతీయవాద స్వదేశీ కథగా చెబుతారు. దీనిని ప్రేక్షకత్వ కథగా కూడా చదవవచ్చు. తన విశ్వాసం కాని సినిమా చూసిన ఫాల్కే ముగ్ధుడయ్యాడు, పదేపదే వెళ్ళి చూశాడు. అయితే మతం మార్చుకోలేదు, తెరమీది కథను తిరస్కరించనూ లేదు. దాన్ని తన దేవుళ్ళ భాషలోకి తర్జుమా చేసుకున్నాడు. ప్రబోధం చేరింది, ఉద్దేశించిన ఫలితం మాత్రం రాలేదు. ‘కరుణామయుడు’ తీసినవారు ఫాల్కే ప్రయాణాన్ని ఎదురు దిశలో చేశారు. ఫాల్కే క్రీస్తు చిత్రం నుండి పౌరాణికాన్ని తీస్తే, వీరు పౌరాణికం నుండి క్రీస్తు చిత్రాన్ని తీశారు.

చిత్ర నిర్మాణంలో పాల్గొన్నవారి వివరాలు చూస్తే ఈ దిశ ఇంకా స్పష్టమవుతుంది. భీంసింగ్ శివాజీ గణేశన్ కథానాయకుడిగా ‘ప’ అక్షరంతో మొదలయ్యే పేర్లతో తీసిన తమిళ కుటుంబ చిత్రాలకు ప్రసిద్ధుడు. కన్నీటిని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తెలిసిన దర్శకుడు. చిత్రం విడుదలకు ముందే, 1978 జనవరిలో ఆయన మరణించాడు. కథోలిక గురువైన క్రిస్టఫర్ కోయిలో రచనలో పాలుపంచుకుని, మిగిలిన పనిని పూర్తిచేశాడు. మోదుకూరి జాన్సన్ మాటలు, పాటలు రాశాడు. సంగీతంలో భాగస్వామి అయిన బి. గోపాలం ప్రజానాట్యమండలి నేపథ్యం ఉన్నవాడు. విజయచందర్ టంగుటూరి ప్రకాశం పంతులు కుటుంబానికి చెందిన బ్రాహ్మణుడు. ఈ జాబితాలో క్రైస్తవుల సంఖ్య ఎంత అని లెక్కించడం కంటె, క్రీస్తు కథను బయటినుండి చూసినవారే దీనిని ఎక్కువ భాగం రూపొందించారని గుర్తించడం ముఖ్యం. పరమత ప్రేక్షకుడు ఈ సినిమా ముందు కూర్చోవడానికి ముందే సినిమా లోపల పనిచేశాడు.

బిరుదు నామం, తెలిసిన ముఖం

శీర్షికతోనే మొదలుపెట్టవచ్చు. ‘కరుణామయుడు’ విశేషణం, వ్యక్తి నామం కాదు. అది రాముడికి, వేంకటేశ్వరుడికి, బుద్ధుడికి, షిర్డీ సాయికి ఎవరికైనా అన్వయిస్తుంది. ‘దయాసాగర్’ కూడా అంతే. 1980లో బాపు దర్శకత్వంలో వచ్చిన క్రైస్తవ చిత్రం ‘రాజాధిరాజు’ కూడా బిరుదు నామాన్నే ఎంచుకుంది. సహస్రనామ సంప్రదాయంలో పెరిగిన ప్రేక్షకుడికి ఇవి అపరిచితాలు కావు; ఒక దేవుడికి ఇన్ని పేర్లుంటే, ఈ పేరు గల దేవుడు కూడా ఉండవచ్చునన్న భావానికి ఇవి తలుపు తెరుస్తాయి. ఇదే కాలంలో, 1979లో, క్యాంపస్ క్రూసేడ్ సంస్థ ఆధ్వర్యంలో వచ్చిన ఆంగ్ల చిత్రం ‘జీసస్’ ఇందుకు పూర్తి భిన్నమైన పద్ధతి అవలంబించింది. లూకా సువార్తను అనుసరించిన ఆ చిత్రం తెలుగుతో సహా రెండు వేలకు పైగా భాషలలోకి అనువాదమైంది. పేరే దాని శీర్షిక. చివర ప్రేక్షకుడిని నేరుగా ఉద్దేశించి ప్రార్థనలో చేరమని పిలుస్తుంది. అక్కడ ప్రేక్షకుడు తేల్చుకోవలసి ఉంటుంది. ‘కరుణామయుడు’ రూపంలో అటువంటి ఒత్తిడి లేదు. గ్రామ ప్రదర్శనలలో ఆ లోటును సినిమా పక్కన నిలబడిన బోధకుడు తన మాటతో, ప్రార్థనతో, కరపత్రంతో పూరించవలసి వచ్చింది. సినిమా చేయని పనిని మనిషి చేయడం అన్నది చిన్న విషయం కాదు. సినిమా ఏం చేయలేదో దానివల్లే తెలుస్తుంది.

రెండవది ముఖం. పౌరాణిక చిత్రంలో దేవుడి ముఖం కథలోని ఇతరుల వైపు ఎంత తిరిగి ఉంటుందో ప్రేక్షకుడి వైపు అంత తిరిగి ఉంటుంది. కథ ఒక్క క్షణం ఆగి, దేవుడు ఎదురుగా నిలబడి, చూడనిస్తాడు. గర్భగుడి ముందు తెర తొలగిన క్షణం వంటిది అది. విజయచందర్ క్రీస్తు నటన ఈ పద్ధతిలోనిదే. అతి తక్కువ కదలిక, నిలకడైన చూపు, స్వరంలో ఆవేశం కంటె శాంతం. సువార్తలలోని యేసు అప్పుడప్పుడు కోపిస్తాడు, అలసిపోతాడు, అత్తిచెట్టును శపిస్తాడు, శిష్యులను మందలిస్తాడు. ఆ చాంచల్యం దర్శన ముఖానికి ఇమడదు. ఇక ఆ ముఖం తరువాతి చరిత్ర మరింత ఆసక్తికరం. 1983లో ‘ఆంధ్రకేసరి’లో ప్రకాశం పంతులుగా, 1986లో ‘శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం’లో సాయిగా, వేమనగా అదే నటుడు కనిపించాడు. ఒకే దేహం క్రీస్తును, సాయిని, వేమనను మోయగలగడం తెలుగు ప్రేక్షకుడికి వైరుధ్యంగా తోచలేదు. రాముడిగా, కృష్ణుడిగా, రావణుడిగా, దుర్యోధనుడిగా ఒక్క రామారావునే చూసిన కళ్ళకు ఇది అలవాటే. కాని ప్రబోధ దృష్టితో చూస్తే ఇది పెద్ద చిక్కు. ఏకైక రక్షకుడిని చూపించిన ముఖం ఎనిమిదేళ్ళకు మసీదులో ధుని వెలిగించుకున్న ఫకీరును కూడా చూపిస్తే, ‘ఏకైక’ అన్న మాటకు ఏ అర్థం మిగులుతుంది?

మూడవది పాట. మోదుకూరి జాన్సన్ రచించిన సిలువ యాత్ర గీతం ఈ చిత్రాన్ని చూడనివారికి కూడా తెలుసు. ఆ పాటలోని మూల కల్పన రథం. కొరడా దెబ్బలు తింటూ కొండకు నడిచే మనిషి యాత్రను రథయాత్రగా ఊహించడం కవిత్వ దృష్టితో సాహసం. సిలువ యాత్రలో దోషిని ఈడ్చుకుపోతారు. రథయాత్రలో దేవుడిని ఊరేగిస్తారు. ఒకటి అవమానం, మరొకటి వైభవం. జాన్సన్ రెండింటినీ ఒకే రూపకంలో ఉంచడం వల్ల, సిలువ అర్థం తెలియని శ్రోత కూడా ఆ నడకను ఊరేగింపుగా గుర్తుపట్టి, అందులోని రక్తాన్ని చూసి ఉలిక్కిపడతాడు. పందొమ్మిదవ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి తెలుగు క్రైస్తవ కీర్తనను కర్ణాటక రాగాలలో నిలబెట్టిన నాటినుండి క్రైస్తవ సాహిత్యం చేస్తున్న పని ఇదే. సొంత సిద్ధాంతాన్ని ఎదుటివారి బాణీలో వినిపించడం. చిత్రంలో సాహిత్య విలువ గల భాగం ఈ పాటలేనన్నది ఈ వ్యాసం అభిప్రాయం. సంభాషణలు పౌరాణిక నాటకపు శిష్టభాషకు, తెలుగు బైబిలు భాషకు మధ్య ఊగుతూ రెండింటి బలాన్నీ పోగొట్టుకున్న చోట్లు తక్కువేమీ కావు.

భవి, శతాధిపతి, తానీషా

తనది కాని మతం వారికి మతాన్ని చెప్పడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో, జాను తెనుగులో రాయడానికి కారణం అది అందరికీ చేరాలనే. కాని ఆ ‘అందరిలో’ వీరశైవం స్వీకరించనివాడికి ఒక పేరుంది: భవి. భవితో భోజనం లేదు, పొత్తు లేదు. బసవపురాణంలో జైనుల వంటి పరమతస్థులు వాదంలోనో మహిమలోనో ఓడిపోవడానికి ప్రవేశిస్తారు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని కొలనుపాక ఈ సంఘర్షణకు నేటికీ కనిపించే సాక్ష్యం. జైనులకు అది కుల్పాక్‌జీ తీర్థం, వీరశైవులకు రేణుకాచార్యుల ఆవిర్భావ స్థలం. పరమత శ్రోతకు అక్కడి కథ ఇచ్చిన చోటు ఓడినవాడి చోటు.

క్రైస్తవ సువార్త కథలో ఈ చోటు వేరు. సిలువ కింద నిలబడిన రోమా శతాధిపతి యూదుడు కాడు, శిష్యుడు కాడు. శిక్ష అమలు చేయడానికి వచ్చిన ఉద్యోగి. చనిపోతున్న మనిషిని చూసి అతడు ఆ మనిషి ఎవరో ఒప్పుకుంటాడు. చూడడం ఒప్పుకోవడంగా మారిన క్షణం అది. సువార్త సినిమాలన్నీ తమ పరమత ప్రేక్షకుడికి చూపించే చోటు ఈ శతాధిపతి పక్కనే ఉంటుంది. చూశావు కనుక చెప్పు, చెప్పావు కనుక మారు.

తెలంగాణ కథాసంప్రదాయంలో మరొక చోటు ఉంది. దానికి తానీషా చోటు అని పేరు పెట్టవచ్చు. కంచర్ల గోపన్న కథ అందరికీ తెలిసినదే. భద్రాచల రామాలయానికి పన్ను డబ్బు వెచ్చించి గోల్కొండ చెరసాల పాలైన భక్తుడికి రాముడు కనిపించలేదు. రామోజీ, లక్ష్మోజీలనే బంట్లుగా వచ్చి బాకీ చెల్లించి రాముడు కనిపించింది అబుల్ హసన్ తానీషాకు. భక్తుడు చెరలో ఏడుస్తుండగా దర్శనం పరమతస్థుడి పడకగదిలో జరిగింది. ఇందులోని హాస్యాన్నీ, నిష్ఠురాన్నీ మన భక్తి చిత్రాలు పూర్తిగా వాడుకున్నాయని చెప్పలేం. నాగయ్య 1964లో తీసిన ‘భక్త రామదాసు’ నుండి 2006లో కె. రాఘవేంద్రరావు తీసిన ‘శ్రీరామదాసు’ వరకు ఈ ఘట్టం తప్పనిసరి. అయితే ఏ కథనంలోనూ తానీషా మతం మార్చుకోడు. చూశాడు, చలించాడు, గోపన్నను విడిచాడు, కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడు, సుల్తానుగానే ఉండిపోయాడు. ఆ తలంబ్రాలు పంపే ఆచారం నిజాంల మీదుగా నేటి ప్రభుత్వం దాకా కొనసాగుతున్నది. రామదాసు కథ వైష్ణవ ప్రబోధమే. కాని అది పరమతస్థుడినుండి కోరేది గౌరవం, కానుక. అంతకుమించి కోరదు.

ఈ చోటు కథలో మాత్రమే ఉంటే దానికి ఇంత విలువ ఇవ్వనవసరం లేదు. నల్లగొండ, పాలమూరు పల్లెలలో అది నిత్యజీవితపు పద్ధతి. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని బిడ్డకు ‘సైదులు’ అని పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు నల్లగొండ ప్రాంతంలో లెక్కకు మించి ఉన్నాయి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన జహంగీర్ పీర్ దర్గా పేరు మీద ‘జహంగీర్’ అనే హిందూ పేర్లూ అంతే సాధారణం. దర్గా దగ్గర కందూరు చేసి, పీరీల పండుగకు అలాయి గుండం చుట్టూ ఆడి, మరునాడు మైసమ్మకు బోనం ఎత్తడంలో వీరికి తడబాటు లేదు. సైదులు అన్న పేరు గల మనిషి ఇస్లాం స్వీకరించలేదు. అతని తల్లిదండ్రులు సైదులును నమ్మలేదని కూడా అనలేం. తానీషా కానుక ముత్యాలైతే వీరి కానుక బిడ్డ పేరు.

ఈ అలవాటు గల ప్రేక్షకుడి ముందు ‘కరుణామయుడు’ తెర కట్టినప్పుడు జరిగేదేమిటో చిత్ర రూపాన్ని బట్టే ఊహించవచ్చు. శీర్షిక బిరుదు నామం, ముఖం దర్శన ముఖం, పాట రథయాత్ర. సినిమా నిర్వాహకుడు శతాధిపతి చోటు చూపిస్తుంటే, సినిమా రూపం తానీషా చోటు చూపిస్తుంది. ప్రేక్షకుడు తనకు తెలిసిన చోటే నిలబడతాడు. కన్నీరు పెడతాడు, దండం పెడతాడు, జబ్బు చేసిన బిడ్డ కోసం ప్రార్థన చేయించుకుంటాడు, గోడమీది పటాలలో ఇంకొక పటానికి చోటిస్తాడు. ప్రబోధ లక్ష్యంతో కొలిచేవారికి ఇది వైఫల్యం. మతమార్పిడి భయంతో కొలిచేవారికి ఇదే ముప్పు. ఇరువురూ పరమత ప్రేక్షకుడిని ఖాళీ పాత్రగా భావించడంలో ఏకీభవిస్తారు. ఏది పోస్తే అది నిండుతుందని ఒకరి ఆశ, ఇంకొకరి భయం. ఆ ప్రేక్షకుడికి చూసే విద్య ముందే ఉన్నదని, అది దర్గా దగ్గర, జాతరలో, యక్షగానం ముందు కూర్చుని నేర్చినదని ఇద్దరూ గమనించరు.

‘రాజాధిరాజు’ ఇందుకు ఉపోదాహరణగా నిలుస్తుంది. అందులోనూ విజయచందరే క్రీస్తు. కాని ముళ్ళపూడి వెంకటరమణ రచనా వ్యంగ్యం, నూతన్‌ప్రసాద్ నటన కలిసి సైతాను పాత్రను ఎంత రక్తి కట్టించాయంటే, సైతాను పాడిన పాట చిత్రాన్ని దాటి నిలిచింది. ప్రబోధ చిత్రంలో ప్రబోధించని పాత్రే జనానికి దగ్గరైంది. పరమత ప్రేక్షకుడికి అక్కడ ఇంకొక చోటు దొరికింది, అది నవ్వేవాడి చోటు. దీనిని చిత్రకారుల పొరపాటుగా భావించనక్కరలేదు.

తెర కట్టినవారు

ఇంతవరకు చెప్పినది సామరస్యపు కథగా వినిపించే ప్రమాదం ఉంది. తానీషా చోటు ఉదారమైనదే, అయితే అది సుల్తాను చోటు. చూసి, మెచ్చి, కానుక ఇచ్చి తన ఇంటికి తాను వెళ్ళగలిగినవాడి చోటు. నల్లగొండ, పాలమూరులలో మిషన్ల చరిత్ర ప్రధానంగా మాల, మాదిగ వాడల చరిత్ర. అక్కడ క్రీస్తును స్వీకరించడం పటాల వరసలో ఇంకొక పటం చేర్చడంతో ముగియలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే పరిమితమైంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు విస్తరించలేదు. క్రైస్తవం స్వీకరించిన దళితులు మన రాష్ట్రాలలో బి.సి.–సి వర్గంలో, ఒక శాతం రిజర్వేషన్ కింద లెక్కకు వస్తారు. శతాధిపతిలాగా నోరు తెరిచి ఒప్పుకున్నందుకు కాగితం మీద చెల్లించవలసిన మూల్యం ఇది. ఈ కారణంగానే సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆదివారం ఇంకొక పేరు గల జీవితాలు ఏర్పడ్డాయి. వీటిని తానీషా చోటుతో కలిపి చూడడం అన్యాయం. బయటికి రెండూ ‘రెండు దేవుళ్ళ’ జీవితంలాగే కనిపించవచ్చు. ఒకటి ఎంపిక, మరొకటి నిర్బంధం.

‘కరుణామయుడు’ మీద పెట్టవలసిన ప్రధాన ఆక్షేపణ ఇక్కడే ఉంది. బయటివాడిని ఆహ్వానించడానికి అది ఎంచుకున్న పౌరాణిక రూపం, లోపలివాడిని కథనుండి తప్పించింది. ఊరిలో తెర కట్టడానికి ముందు ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వస్తుంది. వాడలో కడితే ఊరు రాదు; బొడ్రాయి దగ్గర కడితే వాడ దూరంగా కూర్చుంటుంది. సినిమా కూడా తన రూపంలో ఈ ప్రశ్న ఎదుర్కొని బొడ్రాయినే ఎంచుకుంది. తెల్లని మేని ఛాయ, శిష్టభాష, రాజస వైభవపు పాట ఊరి కంటికి అనువైనవి. వడ్రంగి ఇంట పెరిగి, చేపలు పట్టేవారితో తిరిగి, అంటరానివారుగా ఎంచబడినవారితో కలిసి తిన్న గలిలయ మనిషి ఈ హంగులలో వెనక్కి జరిగాడు.

ఒక చిన్న వస్తువును తీసుకుంటే ఈ నష్టం తెలుస్తుంది. సువార్తలలో బాప్తిస్మమిచ్చే యోహాను, రాబోయేవాడి చెప్పుల వారు విప్పడానికైనా తాను తగనని అంటాడు. పౌరాణిక చిత్రంలో పాదుక పూజావస్తువు. దాన్ని ఎవరు కుట్టారన్న ప్రశ్న రాదు. కాని పాలమూరు ప్రేక్షకుడికి ఆ ప్రశ్న తెలుసు. కురుమూర్తి జాతరలో ఉద్దాల ఉత్సవం ప్రధాన ఘట్టం. స్వామివారి ఉద్దాలను దళితులు నియమంతో కుట్టి సిద్ధం చేస్తారు, అవి ఊరేగింపుగా కొండకు చేరతాయి. దేవుడి చెప్పుకు, దాన్ని కుట్టిన చేతికి మధ్య దగ్గరితనం, దూరం ఎంత ఉన్నాయో ఆ ఉత్సవమే చెబుతుంది. చెప్పు గురించిన యోహాను మాటను మాదిగవాడలో వింటే కలిగే అర్థం యూదయలో గాని, మద్రాసు స్టూడియోలో గాని కలిగే అర్థం కాదు. స్థానికతను అంతగా కోరుకున్న సినిమా ఈ స్థానికతను అందుకోలేకపోయింది. అది తెచ్చుకున్నది పౌరాణిక స్టూడియో స్థానికత, పల్లె స్థానికత కాదు.

సాహిత్యం ఈ పనిని ముందే చేసి చూపించింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువ ‘గబ్బిలం’లో తన దళిత కథానాయకుడి సందేశాన్ని క్రీస్తుకు పంపలేదు, కాశీ విశ్వనాథుడికి పంపాడు. పరమతస్థులను ఉద్దేశించి మాట్లాడే కవి వారి దేవుడినే చిరునామాగా ఎంచుకున్నాడు. కాని ఆ చిరునామాకు చేరిన ఉత్తరంలో ఆకలి ఉంది, గుడి తలుపు ఉంది, కులం ఉంది. గబ్బిలం గుడిలోకి వెళ్ళగలదు, దాన్ని పంపినవాడు వెళ్ళలేడు. తరువాత అదే కవి ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందినప్పుడు, పద్య సంప్రదాయపు పాఠకులందరికీ ఆ కథను వారి ఛందస్సులోనే అందించాడు. ఎదుటివారి రూపాన్ని తీసుకోవడంలో జాషువకూ, ‘కరుణామయుడు’ బృందానికీ భేదం లేదు. ఆ రూపంలోకి తన వాడను తీసుకురావడంలో ఉంది. జాషువ పద్యం పరమత పాఠకుడిని తానీషాలాగా ఊరకే మెచ్చి వెళ్ళనివ్వదు. అలాగని మతం మారమనీ అడగదు. గుడి తలుపు ఎవరు మూశారని అడుగుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన చోటు భవిదీ కాదు, శతాధిపతిదీ కాదు, తానీషాదీ కాదు. తెలుగు భక్తి చిత్రం, క్రైస్తవమైనా వైష్ణవమైనా, ఆ నాలుగవ చోటును ఇంకా తన ప్రేక్షకుడికి చూపలేదు.

‘కరుణామయుడు’ గ్రామ ప్రదర్శనల ఊపు ఇప్పుడు పూర్వంలా లేదు. గుడ్‌ఫ్రైడే నాడు, క్రిస్మస్‌కు తెలుగు టెలివిజన్ చానళ్ళు దీన్ని ప్రసారం చేస్తుంటాయి. ఫోనులో ఎప్పుడైనా దొరుకుతుంది. సిలువ యాత్ర మధ్య ప్రకటనలు వస్తాయి. పక్కన బోధకుడు లేడు, కరపత్రం లేదు, ప్రార్థనకు పిలిచేవారు లేరు. తెర ఎక్కడ కట్టాలన్న ప్రశ్న కూడా లేదు. ఊరిలోని ఇంట్లోనూ, వాడలోని ఇంట్లోనూ ఒకే సమయానికి ఒకే పాట వినిపిస్తుంది. ఒకప్పుడు ఒకే తెరముందు, ఎంత ఎడంగా కూర్చున్నా, ఒకరి కంటి ముందు ఒకరు ఏడ్చినవారు ఇప్పుడు ఎవరి గోడల మధ్య వారు చూస్తున్నారు.